పాత పెడల్ స్టీల్ గిటారుకు కొత్త భాగాలు: బెజవాడ లేత్ షాపులో చేయించి బిగించుకునే విధానం

ఆటోనగర్‌లో నేను పని చేయించుకునే లేత్ షాపుకు మొదటిసారి ఒక బెల్‌క్రాంకును పట్టుకెళ్లినప్పుడు, మేస్త్రిగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఏ బండిది సార్?” అని అడిగారు. బండిది కాదు, వాయిద్యానిదని నమ్మించడానికి ఫోనులో వీడియో చూపించవలసి వచ్చింది. అది చూశాక ఆయన, “అయితే ఇది పాట పాడే గేర్ లింకేజీ అన్నమాట. లింకేజీలో ఆట ఉంటే బండికి గేరు పడదు, దీనికి శ్రుతి పడదు, అంతేగా!” అన్నారు.

అంతే. పెడల్ స్టీల్ అంటే కాళ్ల మీద బల్లలా నిలబడే గిటారు, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ, కాలి పెడళ్లతో, మోకాలి మీటలతో స్వరం మారుస్తారు. నలభై, యాభై ఏళ్ల నాటి పెడల్ స్టీల్ గిటార్లలో కొయ్య నిక్షేపంగా ఉండి, దాని కింద వేలాడే యంత్రం మాత్రం అరిగిపోయి ఉండటం మామూలు విషయం. అమెరికాలో స్థిరపడిన బంధువుల ద్వారానో, మూలన పడి ఉన్నదాన్ని ఎవరో అమ్మడం వల్లనో అటువంటి వాయిద్యం మీ చేతికి వచ్చి ఉంటే, దానికి కావలసిన భాగాలను విజయవాడలోనో గుంటూరులోనో తయారు చేయించుకోవచ్చు. బస్సు బాడీలు కట్టేవారికి, మిర్చి మిల్లుల షాఫ్టులు సరిచేసేవారికి ఈ పనిలో కొత్తది ఏమీ లేదు. కొత్తదల్లా కొలతల్లో ఉండవలసిన నిక్కచ్చితనమే, ఆ బాధ్యత పని చేయించేవారిది.

యంత్రం ఎలా పనిచేస్తుంది

పాత సైకిళ్ల రాడ్ బ్రేకు గుర్తుందా? హ్యాండిల్ దగ్గర మీట నొక్కితే, సన్నని కడ్డీలు, మూల తిరిగే చిన్న చేతులు ఒకదాన్నొకటి లాగి చివరకు రబ్బరు కట్టెను రిమ్ముకు ఆనించేవి. ఆ మూల తిరిగే చేతినే బెల్‌క్రాంకు అంటారు. పెడల్ స్టీల్‌లోనూ ఇదే ఏర్పాటు. పెడల్‌ను తొక్కితే పెడల్ రాడ్ కిందికి దిగి, గిటారు అడుగున అడ్డంగా ఉన్న క్రాస్ షాఫ్టును తిప్పుతుంది. షాఫ్టుకు బిగించిన బెల్‌క్రాంకు, సన్నని స్టీలు పుల్ రాడ్‌ను లాగుతుంది. ఆ రాడ్ కుడిచేతి వైపు చివర ఉన్న ఛేంజర్‌లో ఒక ఫింగర్‌ను ఇరుసు మీద తిప్పుతుంది. తీగ ఆ ఫింగర్ నెత్తి మీదుగా వెళ్లి దాని వెనుక కొక్కేనికి తగులుకొని ఉంటుంది కనుక, ఫింగర్ తిరిగితే తీగ బిగుస్తుంది లేదా వదులవుతుంది.

ఈ9 (E9) శ్రుతిలో ఉన్న పది తీగల గిటారులో మొదటి పెడల్ అయిదో తీగను, పదో తీగను బి నుంచి సి షార్ప్‌కు పెంచుతుంది. రెండో పెడల్ మూడో తీగను, ఆరో తీగను జి షార్ప్ నుంచి ఏ (A) స్వరానికి పెంచుతుంది. మనం జారు అని పిలిచే గమకమే ఇది. కాకపోతే ఒకటి రెండు తీగలు మాత్రమే జారుతూ, మిగిలినవి ఉన్నచోటే నిలిచి మోగుతాయి. తీగ మోగుతూ ఉండగానే పెడల్ తొక్కి స్వరాన్ని ఇలా వంచడం 1954లో అమెరికా కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాటలో బడ్ ఐజాక్స్ వాయించినదాంతో ప్రాచుర్యంలోకి వచ్చింది. ఆ పద్ధతికి తగిన వాయిద్యాల కోసం షాట్ జాక్సన్, బడ్డీ ఎమన్స్ కలిసి షో-బడ్ అనే కంపెనీని మొదలుపెట్టారు. 1957లో ఫెండర్ కేబుళ్లతో లాగే మోడల్‌ను తెచ్చింది. 1960లలో ఎమన్స్ విడిగా పుష్-పుల్ రకాన్ని తయారు చేశారు. ఇక్కడ చెప్పబోయేది ఆల్-పుల్ రకానికి, అంటే పెంచడానికీ తగ్గించడానికీ కూడా రాడ్ లాగడమే ఉన్న రకానికి వర్తిస్తుంది. పుష్-పుల్ సర్దుబాటు వేరే శాస్త్రం. దానిమీద మొదటి ప్రయోగం చేయవద్దు.

విప్పక ముందు వినండి

స్క్రూడ్రైవర్ పట్టుకోవడానికి ముందు ఒక నోటు పుస్తకం, ఒక ట్యూనర్ దగ్గర పెట్టుకోండి. సెంట్లలో (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) లెక్క చూపించే ఫోను యాప్ అయినా చాలు. ప్రతి తీగకు మూడు అంకెలు రాయాలి: ఊరికే మీటినప్పుడు ఎంత, పెడల్ తొక్కినప్పుడు ఎంత, వదిలిన తరువాత ఎంత. పది తీగలకు గంట పడుతుంది. ఈ గంట ఆదా చేసుకుందామని నేరుగా విప్పినవారు, చివరికి ఏ భాగం వల్ల ఏ దోషం పోయిందో తెలియక తికమక పడతారు.

తీగను పెంచి వదిలిన తరువాత అది మొదటికన్నా కాస్త తగ్గి నిలిచిందంటే, రాపిడి ఎడమ చివర ఉన్న రోలర్ నట్టు దగ్గర ఉన్నట్టు. పెరిగి నిలిచిందంటే ఫింగర్ ఇరుసు మీద పట్టేస్తోంది, లేదా పుల్ రాడ్ ఉండవలసిన దానికన్నా బిగువుగా ఉండి ఫింగర్‌ను పూర్తిగా వెనక్కి రానివ్వడం లేదు. తొక్కిన ప్రతిసారీ స్వరం ఒక్కోచోట ఆగుతోందంటే లింకేజీలో ఆట ఉంది. తీగ తంబురలో దారపు పోగు పెట్టినట్టు జుమ్మంటోందంటే ఫింగర్ నెత్తిన తీగ గాడి పడి, ఆ గాడి అడుగు బల్లపరుపు అయింది. తంబురకు ఆ నాదం అందం, ఈ వాయిద్యానికి అది రోగం. మూడో తీగ మాటిమాటికీ ఛేంజర్ దగ్గరే తెగుతోందన్నా అనుమానించవలసింది ఆ నెత్తినే. పది తీగల్లోకెల్లా సన్నగా, 0.011 అంగుళాలు, అంటే 0.28 మి.మీ. మాత్రమే ఉండి, అన్నిటికన్నా పై స్వరానికి బిగిసి ఉండే తీగ అది.

ఇంకొక దోషం ఉంది, దానికి లేత్‌లో మందు లేదు. మొదటి రెండు పెడళ్లను కలిపి తొక్కినప్పుడు, వాటితో సంబంధం లేని తీగలు కూడా రెండు మూడు సెంట్లు దిగిపోతాయి. లాగుడు బలానికి గిటారు ఒళ్లే లేశమాత్రం వంగడం వల్ల ఇలా జరుగుతుంది. నాలుగైదు సెంట్ల లోపు ఉంటే దాన్ని పాత వాయిద్యపు స్వభావంగా ఒప్పుకొని ముందుకు సాగాలని నా సలహా.

విప్పడం, కడగడం

తీగలన్నిటి బిగువు కలిపితే వంద కిలోలకు పైనే ఉంటుంది కనుక, ఒక్కొక్క తీగను పూర్తిగా వదులు చేయకుండా, అన్నిటినీ కొంచెం కొంచెంగా రెండు మూడు విడతల్లో వదులు చేయండి. గిటారును తిరగేసి మెత్తని దుప్పటి మీద పెట్టి, ప్రతి దశలోనూ పై నుంచి, రెండు పక్కల నుంచి ఫోటోలు తీసుకోండి. ఏ పుల్ రాడ్ బెల్‌క్రాంకులో ఏ రంధ్రానికి, ఫింగర్ దగ్గర ఏ రంధ్రానికి తగిలి ఉందో విడిగా రాయండి. విప్పినవాటిని తీగల అంకె ప్రకారం వేరు వేరు డబ్బాల్లో వేయండి. ఇంట్లో మాత్రలు పెట్టుకునే గళ్ల డబ్బా దీనికి బాగా పనికొస్తుంది.

కొత్తవి చేయించాలని తొందరపడక ముందు పాతవాటిని కడిగి మళ్లీ బిగించి చూడాలి. దశాబ్దాల నాటి నూనె లక్కలా గట్టిపడి ఫింగర్లను పట్టేసి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, పాత టూత్ బ్రష్షుతో రుద్ది, ఆరిన తరువాత ఇరుసు మీద కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. ద్రావకాన్ని కొయ్య మీది పాలిష్‌కు తగలనివ్వవద్దు, దగ్గరలో మంట ఉండకూడదు. ఛేంజర్‌లో గ్రీజు అసలు పెట్టకండి. మన ఊరి ఎండాకాలపు దుమ్ముకు గ్రీజు తోడైతే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. నా గిటారులో మార్చక తప్పదని నేను రాసుకున్న పదిహేను భాగాల్లో ఆరు, కడిగిన తరువాత ఏ పేచీ లేకుండా పనిచేశాయి.

ఇక మార్చవలసినవి ఏవి? పగుళ్లు వచ్చిన జింకు పోత భాగాలు మొదట. ఆ కాలంలో కొన్ని వాయిద్యాల్లో ఖర్చు తగ్గించడానికి బెల్‌క్రాంకులను, మీటల బ్రాకెట్లను జింకు మిశ్రమంతో అచ్చు పోశారు. ఆ లోహంలో సీసం వంటి మలినాలు ఉంటే ఏళ్ల తరబడి తేమకు లోలోపలే చిట్లుతుంది. వెల్డింగు నిలవదు, అంటింపు అంతకన్నా నిలవదు. తరువాత, రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి అరిగిన బుష్‌లు. ఆపైన, లోతుగా గాడి పడిన ఫింగర్లు. తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్‌ను, కొయ్యను, రెండు చివరల లోహపు పలకలైన ఎండ్‌ప్లేట్లను ముట్టుకోకండి. వాయిద్యం గొంతు వాటిలో ఉంది.

కొలతలు, మరలు

ఈ వాయిద్యాలు పుట్టిన చోట కొలతలన్నీ అంగుళాల్లో, మరలన్నీ అమెరికా పద్ధతిలో ఉంటాయి. మన షాపుల్లో ఎడమచేత్తో దొరికేవి మిల్లీమీటరు మరలు. ఇక్కడ ఒక మాయ ఉంది. అమెరికా 10-32 స్క్రూ వ్యాసం 4.83 మి.మీ., ఒక్కొక్క మర దూరం 0.794 మి.మీ. మన ఎం5 స్క్రూ వ్యాసం 5 మి.మీ., మర దూరం 0.8 మి.మీ. రెండూ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. 10-32 స్క్రూ ఎం5 రంధ్రంలో హాయిగా తిరుగుతుంది, వదులుగా ఉందన్న సంగతి గట్టిగా బిగించేటప్పుడు మర జారిపోయాక గాని బయటపడదు. ఎం5 స్క్రూను 10-32 రంధ్రంలోకి బలవంతంగా తిప్పితే రెండు చుట్లలో పాత రంధ్రం పాడవుతుంది. 8-32 స్క్రూకు ఎం4తో ఇంత దగ్గర పోలిక లేదు కాబట్టి అక్కడ మోసపోయే అవకాశం తక్కువ.

నేను పాటించే నియమం ఇది: కొత్త భాగం పాత స్క్రూతో గాని పాత రంధ్రంతో గాని కలిసే చోట తప్పనిసరిగా అమెరికా ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) వాడాలి. అటువంటి ట్యాపులు రెండు, అంగుళాల ఆలెన్ కీల సెట్టు ఒకటి ముందుగానే తెప్పించుకోండి. కొత్త భాగం కొత్త స్క్రూతోనే కలిసే చోట మిల్లీమీటరు మరలే వాడండి, రేపు స్క్రూ పోతే ఏలూరు రోడ్డులో దొరుకుతుంది. ఏది ఏ పద్ధతిదో డ్రాయింగు మీద, డబ్బా మీద కూడా రాసిపెట్టండి.

కొలవడానికి డిజిటల్ వెర్నియర్ సరిపోదు. ఇరుసు వ్యాసానికి, ఫింగర్ మందానికి మైక్రోమీటర్ కావాలి. అరిగిన భాగాన్ని కొలిచి అదే కొలతకు కొత్తది చేయించడం అందరూ చేసే పొరపాటు. అలా చేస్తే అరుగుదలను కూడా నకలు తీసినట్టే. ఇరుసును ఫింగర్లు తిరగని చివరల్లో కొలవాలి. అక్కడ వచ్చిన అంకె 9.52 అయితే అది మూడు ఎనిమిదుల అంగుళమని, అంటే 9.525 అని గుర్తుపట్టాలి. 12.69 వస్తే అర అంగుళం.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మే నెలలో రేకుల షెడ్డులో లేత్ మీద నుంచి దింపిన అల్యూమినియం ముక్క చేతికి చురుక్కుమంటుంది. పాతిక మిల్లీమీటర్ల ముక్క నలభై డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే 0.02 మి.మీ. పైగా సాగి ఉంటుంది. మనం ఇరుసుకు, రంధ్రానికి మధ్య వదిలే సందే అంత. కాబట్టి ముక్కను పక్కన పెట్టి, టీ తాగి వచ్చి, అప్పుడు కొలవండి.

లోహం

ఫింగర్లకు, బెల్‌క్రాంకులకు 6061-టి6 అల్యూమినియం తీసుకోండి. పాత సామాను కొట్టులో తూకానికి దొరికే అల్యూమినియం ఏ రకమో తెలియదు. మెత్తనిదైతే ఆరు నెలల్లో మళ్లీ గాడి పడుతుంది. ఇరుసుకు గట్టిపరచి గ్రైండింగు చేసిన స్టీలు కావాలి. పుల్ రాడ్లకు స్టెయిన్‌లెస్ మంచిది, కృష్ణ ఒడ్డు తేమకు తుప్పు పట్టదు. ఇత్తడి చూడముచ్చటగా ఉంటుంది, లేత్ మీద వెన్నలా తెగుతుంది, కాని అల్యూమినియం కన్నా మూడు రెట్లు బరువు. పది, పన్నెండు బెల్‌క్రాంకులు ఇత్తడివి అయితే గిటారును ఎత్తేటప్పుడు నడుముకు తెలుస్తుంది.

ఫింగర్లు

మొత్తం పనిలో సగం ఓపిక ఇక్కడే ఖర్చవుతుంది. గాడి లోతు గోటికి తగిలీ తగలనట్టు ఉంటే కొత్త ఫింగర్ అక్కరలేదు. 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 600, 1000, 1500 నంబర్ల దాకా, తీగ వెళ్లే దిశలోనే, నెత్తి గుండ్రదనం చెడకుండా రుద్ది, చివర బ్రాసోతో మెరుగు పెట్టండి. అడ్డంగా రుద్దితే ఆ గీతలే తీగను కోస్తాయి. గాడిలో గోరు దిగబడుతూ ఉంటే మాత్రం మార్చండి. మారిస్తే పదీ కలిపే మార్చాలి. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి అయితే తీగల ఎత్తు కలవదు.

ఫింగర్ ఆకారాన్ని ఫైలుతో చెక్కించాలని చూడవద్దు. విద్యుత్తు పారే సన్నని తీగతో లోహాన్ని కోసే వైర్‌కట్ యంత్రం ఉన్న షాపులో, తగిన మందం గల ప్లేటు నుంచి పదింటినీ ఒకే కంప్యూటర్ డ్రాయింగుతో కోయిస్తే పదీ అచ్చుగుద్దినట్టు వస్తాయి. డ్రాయింగు కోసం అరగని ఫింగర్ ఒకటి కావాలి. సాధారణంగా తక్కువ కదిలే ఏడో తీగది బాగా ఉంటుంది. ఆ ఫింగర్‌ను స్కానర్ మీద, పక్కన స్టీలు స్కేలు పెట్టి స్కాన్ చేసి, మైక్రోమీటరు కొలతలతో సరిచూసి గీయించండి. ఇరుసు రంధ్రాన్ని 0.2 మి.మీ. తక్కువకు డ్రిల్లు చేసి, తరువాత రీమర్‌తో సరైన కొలతకు తీయాలి. మేస్త్రికి హెచ్7 రంధ్రం, జి6 షాఫ్టు అని చెబితే అర్థమవుతుంది. వేలితో తోస్తే జారాలి, పక్కలకు ఊపితే కదలకూడదు.

మొదటిసారి నేను చేసిన తప్పు మందం దగ్గర. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు కనుక సర్ఫేస్ గ్రైండర్ బల్ల మీద నిలవదు. అందువల్ల మందాన్ని మిల్లింగులోనే తేల్చాలి. నేను పాత ఫింగర్ మందం రాసిచ్చి, అటూ ఇటూ 0.05 మి.మీ. తేడా ఉన్నా ఫరవాలేదని చెప్పాను. పని చేసినవారు నేను చెప్పిన హద్దులోనే చేశారు. పదీ చేతికి వచ్చాయి, ఒక్కొక్కటీ ఇరుసు మీద ముచ్చటగా తిరిగింది. ఇంటికి తెచ్చి వరసగా గుచ్చడం మొదలుపెట్టాను. తొమ్మిది దాకా వెళ్లాయి. పదోది ఎండ్‌ప్లేటుకు, తొమ్మిదోదానికి మధ్య పట్టలేదు. మైక్రోమీటరు తీసి చూస్తే ప్రతి ఫింగరూ 0.05 లావుగానే ఉంది. పది కలిస్తే అర మిల్లీమీటరు. పాత ఛేంజర్‌లో పది ఫింగర్లకూ కలిపి ఉన్న పక్క సందు మొత్తం దాదాపు 0.3 మాత్రమే. ఒక్కొక్క దాని లెక్క చూసుకున్నానే గాని మొత్తం వరస లెక్క చూసుకోలేదు. మందపాటి అద్దం పలక మీద గరుకు కాగితం పరచి, నీళ్లు చిలకరించి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుతూ ఒక్కొక్క దాన్ని దించడానికి మూడు సాయంత్రాలు పట్టింది.

అందుకని ఇప్పుడు డ్రాయింగు మీద ఒక్క ఫింగర్ మందంతో పాటు, పది కలిపి ఉండవలసిన మొత్తం మందాన్ని కూడా పెద్ద అక్షరాలతో రాస్తాను. తేడా తక్కువ వైపు మాత్రమే ఉండాలని, ఎక్కువ వైపు సున్నా అని చెబుతాను. ఇంకొక మాట: ఫింగర్లకు యానోడైజింగు చేయించాలని కొందరు ముచ్చట పడతారు. ఆ పూత మందాన్ని పెంచుతుంది, రంధ్రాన్ని తగ్గిస్తుంది. నేను చేయించలేదు.

మొదట ఒక్కటి చేయించి, దాన్ని పాత ఛేంజర్‌లో పెట్టి, తీగ వేసి, విని, అప్పుడు మిగిలిన తొమ్మిదీ చేయించండి. ఒక్క ముక్క కోసం యంత్రం సెట్ చేయడం షాపువారికి విసుగే. ఆ విసుగుకు విడిగా డబ్బు ఇస్తానని ముందే చెబితే పేచీ ఉండదు.

బెల్‌క్రాంకులు, షాఫ్టులు, బుష్‌లు

అసలైన మెరుగుదల ఇక్కడ సాధ్యపడుతుంది. పాత బెల్‌క్రాంకులో పుల్ రాడ్‌కు ఒకటి రెండు రంధ్రాలే ఉంటే, కొత్తదానిలో షాఫ్టు నుంచి దూరం పెరుగుతూ ఆరేడు రంధ్రాలు వేయించుకోవచ్చు. షాఫ్టుకు దూరపు రంధ్రంలో రాడ్ తగిలిస్తే రాడ్ ఎక్కువ దూరం కదులుతుంది, కాని కాలికి బరువు ఎక్కువ తెలుస్తుంది. దగ్గరి రంధ్రంలో తగిలిస్తే తొక్కుడు తేలిక, ప్రయాణం పొడుగు. ఫింగర్ వైపు ఇది తలకిందులు: ఇరుసుకు దగ్గరి రంధ్రంలో తగిలిస్తే త్వరగా మారుతుంది, బరువెక్కుతుంది. మొదటి పెడల్ కింద అయిదో తీగ, పదో తీగ ఒకేసారి బయలుదేరి ఒకేసారి చేరాలంటే రంధ్రాల ఎంపిక ఉండి తీరాలి. సన్నని అయిదో తీగకు, చుట్టు తీగ అయిన పదోదానికి కావలసిన లాగుడు ఒకటి కాదు మరి.

షాఫ్టు గుండ్రనిదైతే బెల్‌క్రాంకు స్క్రూ ఆనే చోట షాఫ్టు మీద చిన్న చదును తీయించండి, లేకపోతే ఎంత బిగించినా జారుతుంది. షాఫ్టు చదరంగానో ఆరు పలకలుగానో ఉంటే ఆ రంధ్రాన్ని కూడా వైర్‌కట్‌లోనే కోయించాలి. షాఫ్టు రెండు చివర్లకు గన్‌మెటల్ బుష్‌లు వేయించండి. లారీ పనులు చేసే ఏ లేత్ షాపులోనైనా ఆ రాడ్ నిలవ ఉంటుంది, పని వాళ్లకు కంఠతా వచ్చు. పెడల్ వదిలినప్పుడు టక్కుమనే చోట మాత్రం లోహానికి బదులు డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ వాడండి. ఆ టక్కు పికప్‌లోకి ఎక్కి స్పీకర్లో వినిపిస్తుంది.

కొత్త మోకాలి మీట చేర్చుకోవాలనుకునేవారు దాని బ్రాకెట్‌ను పాత స్క్రూ రంధ్రాల మీదనే నిలిచేలా గీయించుకోవాలి. కొయ్యకు కొత్త రంధ్రం వేస్తే అది ఇక పూడదు. తీసేసిన పాత భాగాలు, పగిలినవి సహా, సంచిలో వేసి గిటారు పెట్టెలోనే ఉంచండి. రేపు ఈ వాయిద్యం ఎవరి చేతికి వెళ్లినా అవి దానితోపాటే వెళ్లాలి.

రోలర్ నట్టు గురించి ఒక్క సంగతి చాలు. పది రోలర్లకూ ఒకే లోతు గాడి తీయించకూడదు. చేతిలోని ఉక్కు కడ్డీ తీగల పైభాగాలను తాకుతుంది కాబట్టి ఆ పైభాగాలు ఒకే మట్టాన ఉండాలి. మూడో తీగ 0.28 మి.మీ., పదోది 0.036 అంగుళాలు, అంటే 0.91 మి.మీ. లావు తీగ గాడి ఆ మేరకు లోతుగా ఉండాలి. పాత రోలర్లు బాగుంటే ఇరుసు కడిగి వదిలేయండి.

బిగింపు, శ్రుతి

అన్నీ బిగించాక తీగలు వేయక ముందే ప్రతి పెడల్‌ను, ప్రతి మీటను చేత్తో కదిపి, ఏ రాడ్ ఏ రాడ్‌కు రాసుకుంటోందో చూడండి. రాసుకునే చోట పుల్ రాడ్‌ను కాస్త వంచితే సరిపోతుంది. తీగలు వేసిన తరువాత, పెడల్ వదిలిన స్థితిలో ప్రతి పుల్ రాడ్‌కూ లేశమాత్రం వదులు ఉండాలి. అప్పుడే ఫింగర్ తన ఆపు దాకా పూర్తిగా వెనక్కి వస్తుంది.

తరువాత స్ప్రింగులు. స్వరాన్ని తగ్గించే పని ఉన్న ప్రతి ఫింగర్ వెనుక ఒక స్ప్రింగు, తగ్గించే భాగాన్ని దాని ఆపుకు నొక్కి పట్టి ఉంచుతుంది. పెడల్ తొక్కి తీగను పెంచుతూ, ఆ భాగాన్ని టార్చి వెలుతురులో గమనించండి. అది ఆపు నుంచి వెంట్రుకవాసి కదిలినా స్ప్రింగు చాలలేదని అర్థం. మరీ బలమైనది పెడితే తగ్గించే మీట మోకాలికి రాయిలా తగులుతుంది. రెండు మూడు రకాల బిగువులతో స్ప్రింగులు చుట్టించి పెట్టుకోవడం మేలు.

శ్రుతి చేసేటప్పుడు ముందు పెడళ్లు ఏవీ ముట్టకుండా తీగలన్నిటినీ ఎడమ చివర తీగలు బిగించే మరలుండే కీహెడ్ దగ్గర కలపాలి. ఆ తరువాతే పెంచే స్వరాలను, తగ్గించే స్వరాలను కుడి చివర ఉన్న నైలాన్ నట్లతో కలపాలి. వరస తప్పితే చేసినదంతా మళ్లీ చేయవలసి వస్తుంది. ట్యూనర్ సూది సున్నా మీద నిలిచినంత మాత్రాన పని అయిపోలేదు. ఈ (E) స్వరాన్ని షడ్జమంగా చూస్తే జి షార్ప్ అంతర గాంధారం. బాగా కలిసిన తంబురలో దానంతట అదే వినిపించే ఆ గాంధారం, ట్యూనర్ చూపించే స్థానం కన్నా సుమారు 14 సెంట్లు కింద ఉంటుంది. తీగలు కలిసి మోగినప్పుడు అల కొట్టకుండా నిలవాలంటే జి షార్ప్ తీగలను ఆ వైపుకే దించాలి. పూర్తిగా 14 దించాలా, ఎనిమిదో పదో చాలా అన్నది వాయించేవారి చెవి ఇష్టం. పక్కన కీబోర్డు ఉంటే తక్కువ దించడమే క్షేమం.

ఇప్పుడు మొదట్లో రాసుకున్న నోటు పుస్తకం తీసి, అవే మూడు అంకెలు పక్క గడిలో మళ్లీ రాయండి. నా గిటారులో అయిదో తీగ మునుపు పెంచి వదిలితే ఏడు సెంట్లు ఎక్కువగా నిలిచేది, ఇప్పుడు ఒకటి. పదో తీగ మాత్రం ఇంకా మూడు సెంట్లు తక్కువగా నిలుస్తోంది. కారణం ఆ తీగ రోలర్ అని అనుమానం ఉంది, విప్పలేదు.

కొత్త భాగాలు ఒకదానికొకటి సర్దుకోవడానికి పది రోజుల వాయింపు కావాలి. ఆ పది రోజులయ్యాక బెల్‌క్రాంకుల స్క్రూలన్నిటినీ ఇంకొకసారి సరిచూసి, స్క్రూ తలకూ లోహానికీ కలిసేలా గోళ్ల రంగు ఒక చుక్క పెట్టండి. స్క్రూ కదిలితే ఆ రంగు చిట్లుతుంది, గిటారును తిరగేయగానే ఎర్రటి గీత చీలిన చోటు కంటికి కనబడుతుంది.